సిద్దిపేటకు రైలు కంటే ముందొచ్చిన కాలేజీ

పోయిన ఎండాకాలం మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్ పాసయ్యాడు. ఇంజనీరింగ్‌లో మంచి ర్యాంకు రాలేదు. వాళ్లమ్మ బీడీలు చుట్టి, వాళ్ల నాన్న గల్ఫ్‌లో ఎనిమిదేండ్లు ఎండకు మాడి సంపాదించిన పైసలు మేనేజ్‌మెంట్ సీటుకు పెట్టడం వాడికే ఇష్టం లేదు. "మామా, సిద్దిపేట డిగ్రీ కాలేజీల చేరుమంటున్నరు. డిగ్రీ జేసి ఏం జెయ్యాలె? మూడేండ్లు దండగ గాదా? ఏదన్న షాపుల కుదురుకుంటే నెలకింత వస్తది గదా" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "చదువుకో బిడ్డా, బాగుపడతావు" అని మన పెద్దలు అన్నట్టు అనేయొచ్చు. కానీ పంతొమ్మిదేండ్ల పిల్లగాడికి ఆ మాట సరిపోదు. వాడు అడిగింది లెక్క. మూడేండ్లు పెడితే ఏమొస్తుంది? ఆ లెక్క కట్టాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఎందుకంటే సిద్దిపేటలో కాలేజీ అనేది ఎప్పుడూ ఉన్న వస్తువు కాదు. అది లేని రోజుల్లో ఈ ఊరి పిల్లలు ఏం చేశారో, వచ్చాక ఏం మారిందో చూస్తే తప్ప దాని విలువ తెలియదు.

ఒక సంగతి గమనించండి. సిద్దిపేటకు రైలు 2023 అక్టోబర్‌లో వచ్చింది. డిగ్రీ కాలేజీ 1956లో వచ్చింది. రైలు కంటే అరవై ఏడేండ్లు ముందు. హైదరాబాదుకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి పట్టాలు పడడానికి అంత కాలం పట్టింది. కానీ ఆ లోపల ఈ ఊరి నుంచి కవులు, పంతుళ్లు, వకీళ్లు, నాయకులు బయల్దేరి ఎక్కడెక్కడికో చేరారు. బస్సుల్లోనే చేరారు. ఆ ప్రయాణం మొదలైన స్టేషన్ మాత్రం కాలేజీయే.

*

1956కు ముందు సంగతి చూద్దాం. నిజాం రాజ్యంలో పై చదువంటే హైదరాబాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. ఇంగ్లీషు కాకుండా ఒక దేశభాషలో ఉన్నత విద్య చెప్పిన మొదటి ఆధునిక విశ్వవిద్యాలయం మన దేశంలో అదే. పుస్తకాల కోసం అంతకు ముందే 1917లో ఒక అనువాద సంస్థ పెట్టి, వైద్యం నుంచి ఇంజనీరింగ్ దాకా పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. చిన్న పని కాదది. మాతృభాషలో సైన్సు చెప్పలేమని ఈరోజుకీ అనేవాళ్లకు ఆ చరిత్రే జవాబు.

కానీ ఆ భాష ఎవరి మాతృభాష? తెలంగాణ పల్లెల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడిలో ఉర్దూ. అంటే పిల్లవాడు బడి గడప తొక్కిన రోజే ఒక భాష బయట విడిచి లోపలికి పోవాలి. మనకు పక్కనే ఉన్న సిరిసిల్ల ప్రాంతంలో, హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి బి.ఎ. దాకా చదివింది ఉర్దూ మాధ్యమంలోనే. ఆ తర్వాత తెలుగులో ఎం.ఎ., పిహెచ్.డి. చేసి, తెలుగులోనే జ్ఞానపీఠం అందుకున్నారు. ఆయన గొప్పతనం సరే. అట్లా ఈదలేక మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎంతమందో మనకు పేర్లు లేవు. హైదరాబాద్ సంస్థానంలో అక్షరం వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేని కాలం అది.

తెలుగువాడికి తన భాషకు సభలో చోటు లేదని తెలిసొచ్చిన రోజు ఒకటుంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణంలో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఆడవాళ్ల కోసం విశ్వవిద్యాలయం స్థాపించినవాడు. అంతటి మనిషి అధ్యక్షుడిగా ఉన్న సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. ఆ మహాసభ మొదటి సమావేశం ఎక్కడ జరిగిందో తెలుసా? హైదరాబాదులో కాదు. మన పాత మెదక్ జిల్లాలోని జోగిపేటలో, 1930లో. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి.

*

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన నిజం ఒప్పుకోవాలి. అప్పటి మన చైతన్యంలో పెద్ద భాగం కాలేజీల్లో పుట్టలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. తర్వాత ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. పేపరు చదివి వినిపించడం, రాత్రిబడి నడపడం, పుస్తకం చేతులు మార్చుకోవడం. చదువు దొరకని జనం తమకు తామే చదువు కట్టుకున్న కాలమది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, సురవరం 1934లో గోలకొండ కవుల సంచిక వేసి మూడు వందల యాభైమందికి పైగా కవులను లెక్కగట్టి చూపించారు. వాళ్లలో ఎక్కువమందికి కాలేజీ ముఖం తెలియదు.

సిద్దిపేటనే తీసుకోండి. ఈ ఊరి పేరును దేశానికి చెప్పిన చిత్రకారుడు కాపు రాజయ్య. 1925లో ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలోనే డ్రాయింగు చెప్పి, 2012లో కన్నుమూశారు. వడ్డెరవాళ్లను, కోలాటాన్ని, బోనాలను, పంటచేలను ఆయన గీసింది నకాషీ బొమ్మల దగ్గర, పల్లె కళల దగ్గర నేర్చిన గీతతో. ఈ ఊళ్లో డిగ్రీ కాలేజీ తెరిచే నాటికి ఆయనకు ముప్పై దాటాయి. అవధానాలు, పద్యాలు, సాహిత్య సంఘాలతో ఈ ఊరిని సాహిత్యపు ఊరుగా చేసిన వేముగంటి నరసింహాచార్యులు కూడా పాత సంప్రదాయపు పాండిత్యంలోంచి వచ్చినవారే.

మరి మా అల్లుడు ఇదే మాట అందుకుంటే? "రాజయ్య సారు కాలేజీకి పోకుండనే పెద్దోడు కాలేదా మామా" అంటే ఏం చెప్పాలి?

ఒకటే చెప్పగలను. ఆ గ్రంథాలయాలు, ఆ సభలు ఇచ్చింది ఏమిటో చూడు. కూర్చోవడానికి ఒక చోటు. చదవడానికి పుస్తకం. మాట్లాడడానికి నీ ఈడువాళ్లు నలుగురు. సందేహం అడిగితే విసుక్కోని పెద్దమనిషి ఒకరు. పొలం పని, దుకాణం పని కాని కొన్ని గంటలు. ఈ ఐదూ కలిస్తేనే మనిషికి దారి కనపడుతుంది. అవి ఇంట్లోనే ఉన్న కుటుంబాలు కొన్ని ఉంటాయి. లేని ఇంటి పిల్లలకు ఎవరో ఒకరు కట్టి ఇవ్వాలి. కాలేజీ చేసే అసలు పని ఈ ఐదింటినీ ఒక కాంపౌండు గోడ లోపల, చాలా తక్కువ ఫీజుకు, కులం అడగకుండా ఇవ్వడం. కనీసం అట్లా ఇస్తానని మాట ఇవ్వడం.

*

కాలేజీలో దొరికేది సిలబస్‌లో ఉండదని చెప్పడానికి 1938 మంచి ఉదాహరణ. ఆ ఏడాది ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. వద్దన్నారు అధికారులు. మానం అన్నారు పిల్లలు. వందల మందిని బయటికి పంపారు. చదువు పోయినట్టే అనుకున్నప్పుడు నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది. హైదరాబాద్ పిల్లలు మూటాముల్లె సర్దుకుని నాగపూర్ రైలెక్కారు. ఆ వెళ్లినవాళ్లలో వరంగల్ కాలేజీలో చదువుతున్న పి.వి. నరసింహారావు కూడా ఉన్నారు.

పల్లెలో ఒక్కడే ఉన్న పిల్లవాడు దొరను ఎదిరించాలంటే ఇంటిల్లిపాదికీ భయం. అదే వయసు పిల్లలు వందమంది ఒక హాస్టల్లో ఉంటే, "కాదు" అనే మాట నోట్లోంచి వస్తుంది. ఆ మాట అన్నాక ఏమవుతుందో, దానికి ఎంత మూల్యం కట్టాలో కూడా అక్కడే నేర్చుకుంటారు. దిశ అంటే ఉద్యోగం దిశ ఒక్కటే కాదు. దేనికి ఒప్పుకుంటాను, దేనికి ఒప్పుకోను అని తేల్చుకోవడం కూడా దిశే.

1948 తర్వాత ఇంకో తమాషా జరిగింది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నిన్నటిదాకా కొలువు తెచ్చిపెట్టిన ఉర్దూ చదువు ఇవాళ పనికి రాకుండా పోయింది. బయటినుంచి ఇంగ్లీషు వచ్చినవాళ్లు కొలువుల్లోకి వచ్చారు. 1952లో ముల్కీ ఉద్యమం లేచింది. హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ గొడవ మూలంలో ఉన్నది చదువే. మా పిల్లలు చదవడానికి మా దగ్గర కాలేజీలు ఏవి అన్నదే.

అందుకే 1956 ఫిబ్రవరిలో రెండు ప్రాంతాల నాయకులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో చదువు గురించి ప్రత్యేకంగా ఒక అంశం ఉంది. తెలంగాణలోని విద్యా వసతులు తెలంగాణ విద్యార్థులకే దక్కాలి, వాటిని ఇంకా మెరుగుపరచాలి అని. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే సంవత్సరం సిద్దిపేటలో కాలేజీ. ఒప్పందంలోని చాలా మాటలు కాగితం మీదే మిగిలాయని తర్వాతి చరిత్ర చెప్పింది. కానీ ఒక చిన్న ఊళ్లో కాలేజీ ఉండటం అంటే ఏమిటో ఆ కాగితాల్లో కనపడదు.

అది ఇట్లా ఉంటుంది. హైదరాబాదులో గది అద్దె కట్టలేని రైతు కొడుకు సద్దిగిన్నె కట్టుకుని పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రాగలడు. పరాయి ఊరికి పంపమని మొండికేసే తండ్రి "సిద్దిపేటనే గదా, పొద్దుగూకేసరికి వస్తది" అని ఆడపిల్లను కాలేజీకి పంపుతాడు. చిన్నకోడూరు, దుబ్బాక, కొండపాక, నంగునూరు పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. సాలె ఇంటి పిల్లవాడు, పటేలు ఇంటి పిల్లవాడు, మాదిగవాడ పిల్లవాడు ఒకే లెక్చరర్ ముందు నోటుబుక్కు తెరుస్తారు. ఊళ్లో ఇది జరగదు. ఊళ్లో ఎవరి బావి వాళ్లదే, ఎవరి అరుగు వాళ్లదే. కాలేజీలో వివక్ష లేదని అనను. ఉంది. కానీ దాన్ని వివక్ష అని పిలవడానికి మాట దొరికింది కూడా అక్కడే.

*

ఆ కాలేజీ ఉన్న ఊళ్లో తర్వాత ఏం జరిగిందో చూద్దాం.

1969లో తెలంగాణ ఉద్యమం లేచింది. నడిపింది విద్యార్థులు. క్లాసులు ఆగాయి, పరీక్షలు ఆగాయి, ఒక విద్యా సంవత్సరమే పోయింది. ఎంతోమంది పిల్లలు తూటాలకు బలయ్యారు. ఆ మరుసటేడు సిద్దిపేట ఉప ఎన్నికలో తెలంగాణ ప్రజా సమితి తరఫున అనంతుల మదన్‌మోహన్ గెలిచారు. ఆ వేడిలో కాలేజీ వయసుకు వస్తున్న పిల్లల్లో చింతమడక నుంచి వచ్చిన కల్వకుంట్ల చంద్రశేఖరరావు ఒకరు. సిద్దిపేట కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత ఉస్మానియాలో తెలుగు సాహిత్యంలో ఎం.ఎ. ఆయన రాజకీయాలతో మీకు పేచీ ఉండొచ్చు, నాకూ ఉంది. కానీ ఒక ఉద్యమాన్ని సామెతలతో, పద్యాలతో, పల్లె మాటతో నడపడం వెనక ఒక తెలుగు క్లాసురూము ఉందన్నది కాదనలేం.

ఇంకో దారి నందిని సిధారెడ్డిది. 1955లో బందారం అనే పల్లెలో పుట్టి, చదువుకుని, తెలుగు అధ్యాపకుడై ఈ సిద్దిపేట కాలేజీలోనే పాఠం చెప్పారు. 1986లో మంజీర రచయితల సంఘం పెట్టారు. మరసం అంటే ఇక్కడ తెలియనివాళ్లు లేరు. "నాగేటి చాళ్లల్ల" అనే ఆయన పాట రేపు పుట్టే పిల్లలకు కూడా తెలుస్తుంది. 2017లో తెలంగాణ సాహిత్య అకాడమీకి మొదటి అధ్యక్షుడయ్యారు. లెక్కలో పెట్టాల్సిన మాట ఏమిటంటే, ఒక కాలేజీ ఒక కవికి జీతం ఇచ్చింది. ఆ జీతంతో ఆయన ఊళ్లోనే ఉండగలిగారు. ఊళ్లోనే ఉన్నాడు కాబట్టి సాయంత్రం సభలు జరిగాయి. సభలు జరిగాయి కాబట్టి ఆ ఊళ్లో కవిత రాసే కుర్రవాడికి చూపించుకోవడానికి ఒక మనిషి దొరికాడు. దీన్ని ఏ నోటిఫికేషన్‌లోనూ లెక్కకట్టరు.

ఈ పని ఒక్క సిద్దిపేటలోనే జరిగిందని కాదు. అదే హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాద్‌లో 1950లో అంబేడ్కర్ ఒక కాలేజీ పెట్టారు. దానికే తర్వాత మిళింద అని పేరొచ్చింది. వెనకబడ్డ మరాఠ్వాడాలో, దళిత పిల్లల కోసం. మరో పదిహేనేండ్లకల్లా ఆ కాలేజీ చుట్టూ మరాఠీ దళిత సాహిత్యం ఊపందుకుంది. అక్కడ పాఠం చెప్పిన గంగాధర్ పాన్తావణే నడిపిన 'అస్మితాదర్శ్' పత్రిక ఆ సాహిత్యానికి ఇల్లయింది. మొదటి తరం చదువరులు ఒకచోట చేరితే ముందు ఉద్యోగాలు రాకపోవచ్చు. గొంతులు మాత్రం వస్తాయి. గొంతు వచ్చినవాడు తన వాటా అడుగుతాడు.

దారి ఎప్పుడూ క్షేమంగా ఉందనీ అనలేం. 1972లో ఉస్మానియాలో జార్జి రెడ్డిని చంపేశారు. డెబ్బైల నుంచి మన కాలేజీల నుంచి అడవికి పోయినవాళ్లు ఉన్నారు. తిరిగి రానివాళ్లు ఉన్నారు. 2009 చివర్లో మళ్లీ విద్యార్థులే మండారు, ఆత్మాహుతులు చేసుకున్నారు. కాలేజీ మనిషిని పెంచుతుంది అనే మాట రాసేటప్పుడు ఆ తల్లుల ముఖాలు కూడా గుర్తుంచుకోవాలి. ఎదగడం అంటే ఎప్పుడూ మెట్లెక్కడం కాదు.

*

మరి ఇంత చేసిన డిగ్రీ కాలేజీ "దండగ" ఎప్పుడయింది?

తొంభైల తర్వాత. కంప్యూటర్ వచ్చింది, అమెరికా వచ్చింది, ఎంసెట్ కోచింగ్ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పేదింటి పిల్లలకు కూడా ఆ తలుపు తెరిచింది. అది మేలే. కానీ దాంతోపాటు ఒక నిచ్చెన తయారైంది. పైన ఇంజనీరింగ్, మెడిసిన్. కింద, ఏమీ రానివాళ్లకు డిగ్రీ. బి.ఎ. అంటే ఓడిపోయినట్టు. చరిత్ర, తెలుగు, రాజనీతి చదువుతున్నానంటే చుట్టాలు జాలిపడతారు. ఇప్పుడు 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో వెబ్ ఆప్షన్లు పెడితే సీటు ఫోన్‌కు మెసేజీగా వస్తుంది. చేరడం తేలికయింది. చేరినవాడు కాలేజీకి రావడమే కష్టమయింది. పొద్దున హాజరు వేయించుకుని పదకొండింటికి బైకు మీద డెలివరీలకు పోయే పిల్లలు నాకు తెలుసు. వాళ్లను తప్పుపట్టను. ఇంటి ఖర్చు ఎవరికి తప్పింది? కానీ కాలేజీ ఇచ్చే ఐదింటిలో వాళ్లకు అందుతున్నది ఎన్ని? చోటు ఉంది, కూర్చోరు. పుస్తకాలు ఉన్నాయి, బీరువాకు తాళం. స్నేహితులు ఫోన్లో. లెక్చరర్ పోస్టులు ఖాళీ. ఇక సమయం, అది ఎప్పుడో అమ్ముడుపోయింది.

కాబట్టి మా అల్లుడి ప్రశ్న తప్పు కాదు. పట్టా కోసమే అయితే మూడేండ్లు నిజంగానే దండగ. కాగితం ఇప్పుడు చౌక. కాగితం కాకుండా మిగతాది తీసుకోవాలనుకుంటేనే లెక్క కుదురుతుంది. ఆ మిగతాది ఎవరూ తెచ్చి చేతిలో పెట్టరు. 1930లో జోగిపేట పోయినవాళ్లకూ ఎవరూ తెచ్చి పెట్టలేదు.

వారం తర్వాత వాడికి నేనే ఫోన్ చేశాను. చరిత్ర అంతా చెప్పలేదు, వినడు. మూడు పనులు చెప్పాను. "చేరిన మొదటి వారంల లైబ్రరీ బీరువా తాళం ఎవరి తాన ఉన్నదో కనుక్కో. నీ కులం గాని దోస్తు నొకన్ని ఇంటికి తీస్కపోయి అన్నం పెట్టు, వాళ్లింట్ల నువ్వు తిను. క్లాసు అయినంక సారును ఒక్క ప్రశ్న అడుగు, పరీక్షల రానిది. ఈ మూడు ఒక్క సంవత్సరం జేసినంక గూడ దండగ అనిపిస్తే, షాపుల చేరు. నేనే వచ్చి మీ అమ్మతోని మాట్లాడుత."

"సారు జవాబు జెప్పకపోతే?" అన్నాడు.

"అప్పుడు ఇద్దరు కలిసి ఎతకండ్రి. గదే కాలేజీ" అన్నాను.

వాడు నవ్వాడు. బి.ఎ. పెట్టాడు. చరిత్ర, రాజనీతి, తెలుగు. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా పాత బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ షాపులో పని. పొద్దటి పూట మాత్రం ఎవరికీ అమ్మొద్దని మాట తీసుకున్నాను. దసరాకు పోయినప్పుడు అడిగాను, బీరువా తాళం సంగతి ఏమయిందని.

"అటెండర్ తాన ఉంది మామా. అడిగితే ఇస్తడు. ఇన్నేండ్లల్ల ఎవ్వలు అడుగలేదట."